మందు పోయిందా, మారిందా?

విద్యార్థులకు, అధ్యాపకులకు నమస్కారం. పురుగుమందులు నీళ్లలో, నేలలో ఎలా విరుగుతాయో, దాన్ని ఎలా పరీక్షిస్తారో ఈరోజు చెబుతాను. నల్లగొండలో నీళ్ల మాటెత్తి ఫ్లోరైడ్ ఊసెత్తకుండా ఉండలేం కదా, అక్కడే మొదలుపెడతాను. ఫ్లోరైడ్‌ను ఎండబెట్టినా, ఏడాది నిల్వ ఉంచినా విరగదు, అంటే వేరే పదార్థంగా మారదు. కాచితే నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. నీరీ అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన, మన జిల్లా పేరే పెట్టుకున్న నల్లగొండ టెక్నిక్‌లో కూడా పటిక, సున్నం కలిపి దాన్ని అడుగున మడ్డిలోకి దించుతామే తప్ప నాశనం చేయం.

పత్తి చేనుకు కొట్టే మందుల్లో చాలావాటి సంగతి వేరు. నీటితో చర్య జరిగి, ఎండ తగిలి, సూక్ష్మజీవులకు తిండై విరుగుతాయి. ఎంతకాలంలో, దేనిగా విరుగుతాయన్నదే పరీక్ష.

ముందుగా నీటి పని చూస్తారు. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన 111వ నంబరు పరీక్షలో, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 4, 7, 9 దగ్గర మారకుండా నిలిచే బఫర్ ద్రావణాలు తీసుకుని, క్రిములు లేకుండా చేసి, మందు కలిపి చీకట్లో 50 డిగ్రీల దగ్గర 5 రోజులు ఉంచుతారు. మన మే నెలలో కూడా అంత వేడి ఉండదు కదా అంటారేమో. త్వరగా తేలాలని పెట్టిన వేడి అది. 10 శాతం కూడా తగ్గకపోతే, 25 డిగ్రీల దగ్గర సగం కావడానికి ఏడాదికి పైనే పడుతుందని లెక్క.

మూడు పీహెచ్‌లు ఎందుకంటే, క్లోర్‌పైరిఫాస్ లాంటి పురుగుమందులు క్షార నీళ్లలో త్వరగా విరుగుతాయి. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లకు చాలాచోట్ల ఆ గుణమే. కాబట్టి పొద్దున డ్రమ్ములో మందు కలిపి, ఏదో పని పడి సాయంత్రం కొడితే దాని పవర్ కొంత అప్పటికే తగ్గి ఉండొచ్చు.

సూక్ష్మజీవుల పరీక్ష 28 రోజులది. అందులో తప్పిన మందు ఎప్పటికీ విరగదని కాదు, అంత సులువుగా విరగదని మాత్రమే.

ఇక నా తప్పు చెబుతాను. కొత్తగా ల్యాబులో చేరినప్పుడు ఒక మందు మూడో రోజుకే 40 శాతం తగ్గింది. సంబరంగా రిపోర్టు రాసేశాను. మా సీనియర్ చదివి, ఆ ఖాళీ ఫ్లాస్కు నా చేతికిచ్చి, "దీన్ని అసిటోనైట్రైల్ ద్రావకంతో కడిగి, అది మెషీన్‌లో పెట్టు తమ్ముడూ" అన్నారు. పెట్టాను. విరిగిపోయిందనుకున్న మందులో చాలా భాగం గాజుకీ, రబ్బరు మూతకీ అంటుకుని ఉంది! ఆ సాయంత్రం రిపోర్టు చించేసి మళ్లీ మొదటినుంచి చేశాను. కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తు పెట్టిన మందుతో చేసే పరీక్షలో, పెట్టినదానికీ దొరికినదానికీ లెక్క 90 నుంచి 110 శాతం మధ్య కుదరాలని ఎందుకు అంటారో అప్పుడు అర్థమైంది.

లెక్క కుదిరినా, విరిగి ఏమైందన్న ప్రశ్న మిగులుతుంది. సుప్రీంకోర్టు 2011లో ఆపించిన ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చూడండి. క్షార నీళ్లలో అది ఎండోసల్ఫాన్ డయోల్ అనే పదార్థంగా మారితే విషం బాగా తగ్గుతుంది. అదే మందు నేలలో సూక్ష్మజీవుల చేతిలో పడితే ఎండోసల్ఫాన్ సల్ఫేట్ అవుతుంది. దాని విషం అసలు మందుకు దాదాపు సమానం, పైగా ఇంకా ఎక్కువకాలం నిలుస్తుంది. అందుకే ఎండోసల్ఫాన్ అవశేషాలు లెక్కగట్టేటప్పుడు అసలు మందుకుండే ఆల్ఫా, బీటా రూపాలతో పాటు సల్ఫేట్‌ను కూడా కలిపే చూస్తారు.