గ్లాసులో మూలిక, గ్లాసే చెట్టు

మిత్రులారా, బల్ల మీదున్న ఈ గ్లాసు యేగిస చెక్కతో చేసినది. రాత్రి పోసిన నీళ్ళు తెల్లవారేసరికి టీ రంగుకు తిరిగాయి. చక్కెర వ్యాధికి మంచిదని ఇవి తాగేవాళ్ళు ఈ సభలోనూ ఉండే ఉంటారు. గుణం సంగతి వైద్యులకు వదిలేసి, ఇలాంటిదే ఇంకో గ్లాసు గురించి చెబుతాను. అది దక్షిణ అమెరికాలో, పరాగ్వేలో ఉంది.

పేరు గ్వాంపా. పశువు కొమ్ముతోనో, పాలో సాంతో చెక్కతోనో చేస్తారు. అందులో యెర్బా మాటే ఆకు వేసి, చల్లటి నీళ్ళు పోసి, లోహపు గొట్టంతో పీలుస్తారు. ఆ పానీయమే తెరెరె. ఒకే గ్వాంపా అందరి చేతులూ తిరుగుతుంది. ఎంగిలి పట్టింపున్న మనకు కాస్త కష్టమే. రాజధాని అసున్సియోన్‌లో మూలికలమ్మే ఆడవాళ్ళు రోలు ముందు పెట్టుకుని ఉంటారు. కడుపు ఉబ్బరమంటే ఒక ఆకు, ఒంట్లో వేడంటే ఇంకో వేరు ఏరి, అప్పటికప్పుడు దంచి నీళ్ళలో కలిపేస్తారు. గ్వారానీ భాషలో ఈ మూలికలు పొహా న్యానా. 2020లో యునెస్కో ఈ ఆచారాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. మన దుకాణాల్లో దొరికే స్టీవియా కూడా ఆ నేల మొక్కే.

మూలికలకు మర్యాద దక్కింది. మరి గ్లాసుకు?

పాలో సాంతో గ్రాన్ చాకో అనే పొడి అడవుల చెట్టు. చెక్క నీళ్ళలో వేస్తే మునుగుతుంది, అంత బరువు. మన కాళ్ళకు గుచ్చుకునే పల్లేరుది కూడా ఇదే కుటుంబమంటే నమ్ముతారా! పల్లేరు ఒక్క వానకు నేలంతా పాకుతుంది. ఇది మాత్రం ఏళ్ళ తరబడి నిదానంగా లావెక్కుతుంది. చాకోలో పశువుల మేత బీళ్ళ కోసం అడవిని చదును చేస్తున్నారు. పైగా దుంగల కోసం, సబ్బులకూ అత్తర్లకూ వాడే నూనె కోసం ఈ చెట్టును నరుకుతున్నారు. అన్నట్టు, ఆన్‌లైన్‌లో ధూపానికి అమ్మే పాలో సాంతో పుల్లలు దీనివి కావు. అది మహిసాక్షి కుటుంబపు వేరే చెట్టు.

2010లో ఈ చెట్టును సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. అడవి జంతువులూ మొక్కలూ దేశాలు దాటే వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందమది. మన ఎర్రచందనమూ ఆ అనుబంధంలోదే. దుంగ, కోసిన కలప, పొడి, నూనె అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటకూడదు. తయారైన గ్వాంపాకు మాత్రం ఆ పత్రం అక్కర్లేదు. ఆ నూనె కలిపిన అత్తరు సీసాకూ అక్కర్లేదు.