వారం రోజులు అమ్మకు మా గది ఫ్యాన్ మాత్రమే కనిపించింది

అందరికీ నమస్కారం, చెన్నై నుంచి. వారంగా వీడియో ఎందుకు పెట్టలేదని నెల్లూరు నుంచి అత్తయ్య రెండుసార్లు అడిగారు. నాకు ఒంట్లో బాగానే ఉంది అత్తయ్యా. వీడియో తీసే ఫోను, ఇదిగో, ఈ జానెడు వైరుతో ల్యాప్‌టాప్‌కు కట్టేసి ఉండేది. తీస్తే నెట్టు పోయేది. సాయంత్రం అమ్మ వీడియో కాల్ చేస్తే బల్ల మీద నుంచే మాట్లాడాను. పాపం, ఆమెకు పైన తిరిగే ఫ్యాన్ తప్ప ఇంకేమీ కనిపించలేదు.

తమ్ముడు ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో ఫ్రీబీఎస్‌డీ వేసుకున్నాను, విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పెరిగిన యూనిక్స్ వంశంలోది, 1993లో మొదటిసారి విడుదలైంది. దీన్ని ఇష్టపడటానికి నాకు ఒక్క కారణం చాలు. సహాయ పుస్తకమంతా దానిలోపలే ఉంటుంది, నెట్టు లేకపోయినా చదువుకోవచ్చు.

తెర వెలిగింది, పాట వినిపించింది, వైఫై మాత్రం రాలేదు. పీసీఐకాన్ఫ్ అనే ఆదేశం ఇస్తే లోపలి పరికరాలన్నీ వరుసగా వస్తాయి. డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపించే ప్రోగ్రాం, కుదిరిన పరికరం పక్కన ఆ డ్రైవర్ పేరు ఉంటుంది. నా వైఫై కార్డు దగ్గర 'నన్' అని వచ్చింది. అంటే దాన్ని చేపట్టే డ్రైవరే లేదు. చిప్ లోపలి వివరాలు తయారీదారు బయటపెట్టకపోతే, డ్రైవర్ రాసేవాళ్ళు చీకట్లో తడుముకోవాల్సిందే. నాకు కోపం వచ్చింది. డబ్బు పెట్టి కొన్న వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకునే హక్కు మనకు ఉండాలి.

అప్పటికి ఫోనును యూఎస్‌బీ వైరుతో కలిపి, యుఆర్‌ఎన్‌డిస్ డ్రైవర్ ఎక్కించి నెట్టు తెచ్చుకున్నాను. ఎన్నాళ్ళని? ఆ సహాయ పుస్తకం చూస్తే ఇంటెల్ 8265 అనే వైఫై కార్డుకు డ్రైవర్ ఉందని తేలింది. ఒక విదేశీ సైటులో 20 డాలర్లు. మన లెక్కలో 1,700 రూపాయలకు పైమాటే, తపాలా ఖర్చు వేరు.

ఆదివారం రిచీ స్ట్రీట్‌కు వెళ్ళాను. అన్నా సాలై పక్కనే, ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు. మన ఊళ్ళో ఒకే కొట్టులో అన్నీ ఉంటాయి, లేనిది వారంలో తెప్పిస్తామంటారు. ఇక్కడ ఒక కొట్టు నిండా ఛార్జర్లే, ఇంకో కొట్టు నిండా కీబోర్డులే. నేను అడిగిన కొట్టులో కార్డు లేదు. కొట్టాయన గల్లాపెట్టె కుర్రాడికి అప్పగించి, నన్ను స్వయంగా మూడో కొట్టుకు తీసుకెళ్ళాడు! దారిలో పన్నీర్ సోడా తాగాం. మీరనుకునే పన్నీర్ కాదు, మన పెళ్ళిళ్ళలో చల్లే పన్నీరు వాసన. ఇంకోటి కూడా తాగాను.

మూడో కొట్టు పెద్దాయన తెలుగులోనే పలకరించారు. "తమ్ముడూ, కొన్ని ల్యాప్‌టాప్‌లు తమ జాబితాలో లేని కార్డు పెడితే ఆన్ కావు. ఇక్కడే చూసుకుని డబ్బివ్వు" అన్నారు. తపాలా బిళ్ళంత కార్డు, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవు. రెండు యాంటెన్నా తీగలను చొక్కా గుండీలా నొక్కి పెట్టారు. ఆదేశం ఇచ్చాను. 'నన్' పోయి 'ఐడబ్ల్యూఎం' అని డ్రైవర్ పేరు వచ్చింది. పక్కనే తయారీదారు సంఖ్య 8086. ఇంటెల్ 1978లో తెచ్చిన ప్రాసెసర్ పేరే అది. కొట్టులోనే చప్పట్లు కొట్టేశాను. ధర 650 రూపాయలు. మిగిలిన డబ్బుతో నెల్లూరు వచ్చి అమ్మను చూసి వెళ్ళవచ్చు.

సాయంత్రం వైఫై పేరు, పాస్‌వర్డు ఫైలులో రాసి, వైరు పీకేశాను. ఫోను పట్టుకుని మేడ మీదికి వెళ్ళి అమ్మకు వీధంతా చూపించాను. ఎదురింటి ముగ్గు, కొబ్బరిచెట్టు, చివరికి నా ముఖం. చిక్కిపోయానంది. తరువాత కొట్టు సంగతి చెప్పాను.

"ఆ పెద్దాయనది మన వైపేనా?"

"అడగలేదమ్మా."

"ఈసారి వచ్చినప్పుడు మలై కాజా కట్టిస్తాను, ఇచ్చి అడుగు. ఆ మొదటి కొట్టాయనకు కూడా."