దెబ్బ తగిలాక పరిహారం కోసం కోర్టుకెళ్తే ఏం జరుగుతుంది?

[తెర మీద: అమీర్‌పేటలో ఒక సందు, పక్కనే కడుతున్న అపార్ట్‌మెంట్]

నమస్కారం అండి. ఈరోజు విషయం బాగా అర్థం కావడానికి ఒక మనిషిని ఊహించుకుందాం. పేరు సరోజ, వయసు 32. మగ్గం వర్క్ చేసి నెలకు 18,000 సంపాదిస్తుంది. సందులో నడిచి వెళ్తుంటే, వల కూడా కట్టని బిల్డింగ్ మూడో అంతస్తు నుంచి సెంట్రింగ్ చెక్క జారి ఆమె కుడి చేతి మీద పడింది. ఆపరేషన్ అయింది. ఇక రెండు వేళ్లు మడవలేదు.

పోలీసులు కేసు రాశారు. ఇంట్లో అందరూ "కేసు అయింది కదా, డబ్బులు వస్తాయిలే" అనుకుని ఊరుకున్నారు. నాకు బాధ కలిగేది సరిగ్గా ఇక్కడే. పోలీసు కేసు ముఖ్యంగా తప్పు చేసినవాడిని శిక్షించడానికి. సరోజ పోగొట్టుకున్న సంపాదన అడగాలంటే ఆమే వాదిగా సివిల్ కోర్టులో దావా వేయాలి. రెండూ ఒకేసారి నడవచ్చు. క్రిమినల్ కేసులో శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు. క్రిమినల్ కోర్టులో నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. సివిల్ కోర్టుకి ఎవరి మాట ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందో తేలితే చాలు.

[తెర మీద: నాలుగు దారులు]

అయితే ప్రతి దెబ్బకీ దారి సివిల్ కోర్టే అనుకోవద్దు. బండి గుద్దితే మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్. దానికి చట్టంలో రాసిన గడువు ఆరు నెలలే. డబ్బు కట్టిన ఆసుపత్రిలో నిర్లక్ష్యం జరిగితే కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్లవచ్చు, గడువు రెండేళ్లు. పని చేసే చోట కూలీకి దెబ్బ తగిలితే కార్మిక శాఖ వైపు దారి ఉంది. సరోజలా దారిన పోతూ దెబ్బ తిన్నవాళ్లకి సివిల్ కోర్టు. ఇలాంటి దావాకి మామూలుగా మూడేళ్ల గడువు.

ప్రభుత్వ శాఖ మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద ముందు నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. మున్సిపల్ కార్పొరేషన్ లాంటి సంస్థల చట్టాల్లో వేరే నోటీసులు, ఇంకా తక్కువ గడువులు ఉండొచ్చు. అందుకే మూత లేని మ్యాన్‌హోల్‌లో పడినవాళ్లు మూడేళ్లు ఉన్నాయని కూర్చోకూడదు. మొదటి నెలలోనే లాయర్‌ని కలవండి.

[తెర మీద: ఆసుపత్రి వార్డు]

ఇక అసలు సంగతి. కేసు బలం చాలావరకు మొదటి వారంలోనే తేలిపోతుంది. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు "దెబ్బ ఎలా తగిలింది" అని అడుగుతారు. కంగారులో ఎవరో "జారి పడింది" అంటారు, కేస్ షీట్‌లో అదే రాస్తారు. రెండేళ్ల తర్వాత బిల్డర్ లాయర్ ఆ ఒక్క మాట పట్టుకుని క్రాస్ ఎగ్జామినేషన్ అంతా నడిపిస్తాడు. కాబట్టి చెక్క పడిందని చెప్పి, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసుగా, రాయించుకోండి. ఎఫ్ఐఆర్ కాపీ, డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, ఆటోకి ఫోన్‌పేలో కట్టిన డబ్బు వివరాలు, అన్నీ ఒక్క ఫైల్‌లో పెట్టండి. వల లేని ఆ బిల్డింగ్ ఫొటో అదే రోజు తీయాలి. మర్నాటికి వల కట్టేసి ఉంటుంది.

బిల్డర్ మనిషి ఆసుపత్రికి ఇరవై వేలు, ఒక స్టాంపు కాగితం పట్టుకుని వస్తాడు. ఇంట్లో డబ్బు లేని రోజున వద్దనడం ఎంత కష్టమో నాకు తెలుసు. తీసుకోండి, తప్పేం లేదు. కానీ "చికిత్స ఖర్చు కింద ఇంత ముట్టింది" అని మాత్రమే రాసి ఇవ్వండి. "ఇకపై ఏ క్లెయిమూ లేదు" అన్న వాక్యం ఉంటే సంతకం పెట్టొద్దు. ఖాళీ కాగితం మీద అసలే వద్దు.

[తెర మీద: సిటీ సివిల్ కోర్టు]

దావా వేసేది దెబ్బ తగిలిన చోటు ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడ, లేదా ప్రతివాది, అంటే మనం ఎవరి మీద దావా వేస్తున్నామో ఆ మనిషి, ఉండే చోట. అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. ప్లెయింట్‌కి, అంటే దావా పత్రానికి, ఓఎస్ (ఒరిజినల్ సూట్) నంబర్ పడుతుంది, సమన్లు వెళ్తాయి. ప్రతివాది 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, కోర్టు 90 రోజుల దాకా పొడిగించవచ్చు. ఆ జవాబులో ఏముంటుందో ముందే చెప్పగలను. ఓనర్ కాంట్రాక్టర్‌ని చూపిస్తాడు, కాంట్రాక్టర్ మేస్త్రీని చూపిస్తాడు, అందరూ కలిసి "ఆమే చూసుకోకుండా నడిచింది" అంటారు. అందుకే మొదటే ఓనర్నీ, కాంట్రాక్టర్నీ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టాలి. ఆమె తప్పు కూడా కొంత ఉందని కోర్టు అనుకుంటే ఆ మేరకు పరిహారం తగ్గుతుంది.

నిర్లక్ష్యం నిరూపించాల్సింది వాదే. అయినా కొన్ని సంఘటనలు తమంతట తామే మాట్లాడతాయి. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలిన కేసులో సుప్రీంకోర్టు 1966లో ఆ సూత్రాన్నే వాడింది. సరిగ్గా చూసుకునే స్తంభం దానంతటది కూలదు కదా! తెగిపడిన కరెంటు తీగ వల్ల చావు జరిగిన కేసులో 2002లో ఇంకో అడుగు ముందుకేసి, నిర్లక్ష్యం రుజువు కాకపోయినా విద్యుత్ బోర్డుదే బాధ్యత అంది.

ఇప్పుడు డబ్బు లెక్క. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ప్రతి బాధితుడికీ తెలియాలి. డాక్టర్ ఇచ్చే వైకల్య శాతం వేరు, సంపాదన మీద దాని దెబ్బ వేరు. ఎడమ చెయ్యి పోతే డ్రైవర్‌కి, వడ్రంగికి బతుకుతెరువు దాదాపు మొత్తం పోతుంది. ప్రభుత్వ గుమస్తాకి జీతం తగ్గకపోవచ్చు. సరోజకి సర్టిఫికెట్‌లో 20 శాతం అనే రాసి ఉండొచ్చు. కానీ మగ్గం సూది పట్టలేని చేతికి సగం సంపాదన పోయిందని కోర్టు ఒప్పుకుంటే? ఏడాదికి 2,16,000లో సగం 1,08,000. మోటార్ ప్రమాదాల కేసుల్లో 31 నుంచి 35 ఏళ్ల వయసుకి వాడే గుణకం, అంటే ఏడాది నష్టాన్ని ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె, 16. అదే ఇక్కడా వాడితే 17,28,000. చికిత్స ఖర్చు, మంచం మీద ఉన్న నెలల సంపాదన, నొప్పి, ముందు ముందు కావాల్సిన వైద్యం దీనికి అదనం.

సరోజకి జీతం స్లిప్ ఉండదు. ఆర్డర్ పుస్తకం, బొటిక్ ఓనర్ సాక్ష్యం, బ్యాంకు స్టేట్‌మెంట్ తేవాలి. సర్టిఫికెట్ కోర్టులో పడేస్తే సరిపోదు, దాన్ని ఇచ్చిన డాక్టర్ వచ్చి సాక్ష్యం చెప్పాలి.

కాలం పడుతుంది, అది దాచను. మన హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలోనే 1990లో ఆపరేషన్ తర్వాత నడుము కింద చచ్చుబడిపోయిన ఇంజినీరింగ్ విద్యార్థి కన్జ్యూమర్ కేసు వేశాడు. వీల్‌చైర్‌లో కూర్చుని తనే వాదించుకున్నాడు. 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇప్పించింది. మధ్యలో రాజీ కుదిరే వీలుంటే లోక్ అదాలత్ మంచి దారి. కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు.

[తెర మీద: 15100]

లాయర్ ఫీజు టెన్షన్ వద్దు. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. "గెలిస్తే ఇంత శాతం ఇవ్వు" అనే లాయర్‌కి మాత్రం ఒప్పుకోవద్దు. బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని నిషేధించాయి.

తీర్పు వచ్చినా డబ్బు దానంతటది చేతికి రాదు. ప్రతివాది కట్టకపోతే ఈపీ, అంటే తీర్పు అమలు చేయించమని అడిగే పిటిషన్, వేయాలి, అందుకు పన్నెండేళ్ల గడువు ఉంది. ఈపీలో అతని ఆస్తి జప్తు చేయమని అడగాలంటే ఆ ఆస్తి ఏదో మనమే చూపించాలి. కాబట్టి కేసు నడుస్తుండగానే ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం, తీయించి చూడండి. కోర్టుకి అందకుండా ఫ్లాట్లు అమ్మేస్తున్నాడని తెలిస్తే, తీర్పు రాకముందే జప్తు చేయమని అదే కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు.