శిల్పం మ్యూజియంది, మరి స్కాన్ ఎవరిది?

(స్టూడియో చర్చలో ప్రధాన భాగం. ఒకరి మీద ఒకరు మాట్లాడిన చోట చెవికి అందినంతే రాశాం.)

యాంకర్: నమస్కారం. ఏథెన్స్‌లోని పురాతన గుడి పార్థినాన్. దాని శిల్పాలు కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని త్రీడీ స్కాన్ చేసుకుంటామని, అంటే ఆకారాన్ని కంప్యూటర్ ఫైలుగా కొలుచుకుంటామని 2022లో ఒక సంస్థ అడిగింది. మ్యూజియం కుదరదంది. వాళ్లు మామూలు సందర్శకుల్లా లోపలికెళ్లి ఫోన్లు, ఐప్యాడ్లతో స్కాన్ చేసుకొచ్చారు. ఇటలీలో రోబో చేత పాలరాతి గుర్రం తల చెక్కించారు. నకళ్లు లండన్‌లో ఉంచుకుని అసలువి ఏథెన్స్‌కి పంపండి అన్నది వాళ్ల వాదన. ఆ గొడవ ఇంకా సాగుతూనే ఉంది. సూటిగా అడుగుతున్నా, ఇది దొంగతనమా, కాదా? ముందు శిల్పి గారు.

శిల్పి: దొంగతనం సంగతి తర్వాత. ఏం ఎత్తుకెళ్లారో ముందు చెప్పండి! శిల్పమా? కాదు, దాని తోలు. నలభై ఏళ్లుగా ఉలి పట్టినవాణ్ణి. గట్టి రాయి సుత్తి తగిలితే ఖంగుమంటుంది. లోపల పగులుంటే బోలుగా మోగుతుంది. మీ స్కాన్‌లో ఆ మోత ఏదీ?

ఇంజనీర్: సార్ అన్నది నిజమే, లేజర్‌కి లోపల కనబడదు. దానికి సీటీ...

శిల్పి: నిజమే అన్నారు, అందరూ విన్నారు!

ఇంజనీర్: పూర్తి చెయ్యనివ్వండి సార్. ఈజిప్టు రాణి నెఫర్తితి విగ్రహాన్ని సీటీ స్కాన్ చేస్తే పై పూత కింద, సున్నపురాయిలో చెక్కిన ఇంకో ముఖం కనబడింది. ముక్కు మీద చిన్న గూను, పెదవుల పక్కన ముడతలు. పూత వేసేటప్పుడు వాటిని సర్దేశారు.

యాంకర్: నెఫర్తితి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. అక్కడా దొంగ స్కానే కదా?

ఇంజనీర్: బెర్లిన్ మ్యూజియంలో రహస్యంగా స్కాన్ చేశామని ఇద్దరు కళాకారులు ఫైలు బయటపెట్టారు. వాళ్లు చెప్పిన గేమింగ్ సెన్సర్‌తో అంత నాణ్యత రాదని చాలామంది అనుమానపడ్డారు. ఆ తర్వాత మ్యూజియం సొంత స్కాన్ కోసం ఒకాయన సమాచార హక్కు చట్టం కింద ఏళ్ల తరబడి పోరాడితే, 2019లో అది బయటికొచ్చింది.

యాంకర్: అంటే దొంగతనమేనా?

పరిరక్షకురాలు: నేనొక్క మాట...

యాంకర్: మీ దగ్గరికే వస్తున్నా మేడం.

శిల్పి: నకలు కొత్తేం కాదండీ. మూడు బిందువులు ఆనించి సూదితో లోతు కొలుచుకుంటూ చెక్కే పరికరం మాకు ఎప్పట్నించో ఉంది. గొప్ప గొప్ప వర్క్‌షాపుల్లో గురువు మట్టిలో చేస్తే శిష్యులు దాంతో రాతిలోకి దించేవాళ్లు. కానీ చివరి వేలెడు మందం మాత్రం గురువే చెక్కేవాడు! రోబోకి ఆ వేలెడు మందం ఎవరు నేర్పుతారు? నన్నడిగితే...

యాంకర్: మేడం, ఇప్పుడు చెప్పండి, క్లుప్తంగా.

పరిరక్షకురాలు: నా పని నకళ్లు చెయ్యడం కాదు. అరుగుదల కొలవడం. ఏథెన్స్‌లోనే మిగిలిన పార్థినాన్ పడమటి ఫలకాల మీద, మిగతా శిల్పాల్ని బ్రిటన్‌కి తరలించిన ఎల్గిన్ కాలంలో ప్లాస్టర్ అచ్చులు తీశారు. తర్వాత ఎండకీ వానకీ రాతి మీద చెరిగిపోయిన కొన్ని గీతలు ఆ అచ్చుల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ అచ్చుల్ని, అసలు రాళ్లని స్కాన్ చేసి పోల్చారు. ఎక్కడ ఎంత పోయిందో...

శిల్పి: అచ్చే చాలన్నమాట! స్కాన్ ఎందుకు?

పరిరక్షకురాలు: అచ్చు తీసేటప్పుడు రాతి మీద పొర ఊడి రావచ్చు సార్. స్కానర్ రాయిని ముట్టుకోదు. నేనొక బొమ్మ తెచ్చాను, తెర మీద వెయ్యమనండి. ఒక పాలరాతి చేతిని అయిదేళ్ల తేడాతో రెండుసార్లు స్కాన్ చేసి ఒకదాని మీద ఒకటి పరిచాం. మారనిచోట ఆకుపచ్చ, రాయి పోయినచోట నీలం. చూపుడు వేలి కొనలో, గోరంత మేర, నీలం...

యాంకర్: వేస్తాం మేడం. ఆ ఫైలు ఎవరి దగ్గరుంది? మ్యూజియం దగ్గరా, మీ దగ్గరా?

పరిరక్షకురాలు: అది కాదండీ విషయం. ఆ నీలం నిజంగా అరుగుదలేనా, స్కానర్ తేడానా అన్నది ముందు తేల్చుకోవాలి. పాలరాతిలోకి లేజర్ వెలుతురు కాస్త ఇంకుతుంది, అందుకే కొలత కాస్త తప్పుతుంది. రెండుసార్లూ ఒకే పరికరం, అవే గుర్తులు...

శిల్పి: (బల్ల చరిచి) అదీ! పరికరం పొరపాటే అరుగుదలలా కనబడుతుందని వాళ్లే ఒప్పుకుంటున్నారు!

పరిరక్షకురాలు: ఒప్పుకోవడమేంటండీ, అందుకే జాగ్రత్త పడతామని...

యాంకర్: ఒప్పుకున్నారు మేడం, రికార్డయింది.

ఇంజనీర్: పొరపాట్లు పుస్తకాల్లోనూ ఉంటాయి. స్టాన్‌ఫర్డ్ బృందం 1999లో మైకెలాంజెలో డేవిడ్‌ని స్కాన్ చెయ్యబోతే, పుస్తకాల్లో 434 సెంటీమీటర్లని ఉన్న విగ్రహం 517 తేలింది. స్కానర్ నిలబెట్టే స్తంభం చాలక పొడుగు పెంచుకోవాల్సొచ్చింది. పావు మిల్లీమీటరు వివరంతో ఉలి గాట్లు కూడా పట్టారు. కంప్యూటర్లో పక్క నుంచి వెలుతురు వేస్తే...

శిల్పి: ఉలి గాటా? (సంచిలోంచి పళ్ల ఉలి తీసి) ఇదిగో, మూడు పళ్లు. మైకెలాంజెలో సెయింట్ మాథ్యూ మీద ఇలాంటి గీతలే ఉన్నాయి, సగంలో వదిలేసిన శిల్పం గదా. ఏటవాలుగా పట్టుకుంటే గీత పలచన, నిటారుగా పట్టుకుంటే రాయి నలుగుతుంది. నలిగినచోట ఎండలో తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు చూపించండి మీ ఫైలులో!

ఇంజనీర్: రంగు, మెరుపు పట్టడానికి వేరే పద్ధతులున్నాయి...

యాంకర్: డేవిడ్ ఫైలు అందరికీ ఇస్తారా?

ఇంజనీర్: ఇటలీ అనుమతి షరతు ఉంది. పరిశోధనకే, వ్యాపారానికి కాదు. కానీ అఫ్ఘానిస్తాన్‌లోని బామియాన్ తీసుకోండి. 2001లో బుద్ధ విగ్రహాల్ని పేల్చేశారు. 1970లో తీసిన కొలత ఫొటోలున్నాయి కాబట్టే జ్యూరిక్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీ వాళ్లు పెద్ద విగ్రహానికి కంప్యూటర్ నమూనా కట్టగలిగారు. లేకపోతే ఆకారం కూడా...

శిల్పి: ఫైలొచ్చింది. బుద్ధుడొచ్చాడా?

(కొన్ని క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ముగ్గురూ ఒకేసారి అందుకున్నారు, మాటలు అందలేదు.)

యాంకర్: ఒక్కొక్కరు, ఒక్కొక్కరు! అద్భుతమైన మాట సార్. టైమ్ లేదు, ఒక్క ముక్కలో. దొంగతనమా, కాదా?

ఇంజనీర్: అది ఏ దేశం చట్టమన్నదాన్ని బట్టి...

యాంకర్: అంటే అవునన్నట్టే. మేడం?

పరిరక్షకురాలు: స్కాన్ చూస్తేగానీ వేలు ఎంత అరిగిందో తెలీదండీ. ఆ బొమ్మ మీరింకా వెయ్యలేదు.

యాంకర్: వేస్తాం, తప్పకుండా వేస్తాం. శిల్పి గారూ, ఆ ఉలి ఒకసారి కెమెరాకి దగ్గరగా పెట్టండి.

శిల్పి: ఇలాగా? ఈ మధ్య పన్ను చూడండి, అరిగిపోయింది...

(తెర నిండా ఉలి. దాని మీదే పేర్లు వచ్చాయి.)