క్రిస్మస్‌కి ఇంటి ముందు అలంకరణ: దేనికి డబ్బు పెట్టాలి, ఏది చేత్తో చేసుకోవాలి

అందరికీ నమస్కారం. క్రిస్మస్ దగ్గరపడింది కదా, ఇంటి బయట అలంకరణ తక్కువ ఖర్చులో ఎలా చేసుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. ఇదిగో, టేబుల్ మీద ఐదు వస్తువులున్నాయి. అడాప్టర్‌తో వెలిగే ఎల్ఈడీ సీరియల్ లైట్లు, సోలార్ లైట్లు, బ్యాటరీతో వెలిగే సన్నటి రాగి తీగ లైట్లు, గోడ మీద చుక్కలు పడేసే ప్రొజెక్టర్, తలుపుకి తగిలించే గుండ్రటి ఆకుల దండ. మూడు వారాల పాటు ఇవన్నీ మా ఇంటి బయటే ఉన్నాయి. ఎండా తగిలింది, మంచూ పడింది, రెండు రోజులు వాన కూడా కురిసింది.

వస్తువుల సంగతికి వచ్చే ముందు ఒక్క మాట. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఇల్లంతా అలంకరించాలని చూడకండి. ఒక్క చోటు ఎంచుకోండి. నన్నడిగితే అది గుమ్మమే. ఉన్న రెండు సెట్ల లైట్లని డాబా అంచున కొంచెం, గేటుకి కొంచెం, కిటికీకి కొంచెం పంచితే ఎక్కడా నిండుగా కనిపించదు. అవే రెండు సెట్లు గుమ్మం చుట్టూ దగ్గరగా కట్టి చూడండి, దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారు. పైగా గుమ్మం దగ్గరైతే నిచ్చెన ఎక్కాల్సిన పని ఉండదు, చిన్న స్టూలు చాలు.

చోటు ఎంచుకున్నాక టేపు పట్టుకుని కొలవండి. మా తలుపు ఎత్తు 2.1 మీటర్లు, వెడల్పు 1 మీటరు. రెండు నిలువులు, పైన ఒక అడ్డం కలిపితే 5.2 మీటర్లు. అంటే 10 మీటర్ల సెట్ ఒకటి ఉంటే దాదాపు రెండు వరసలు వస్తాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. కొన్ని డబ్బాల మీద పెద్ద అక్షరాల్లో వేసే పొడవులో ప్లగ్గు దగ్గరి ఖాళీ వైరు కూడా కలిసి ఉంటుంది. బల్బులున్న భాగం ఎంతో విడిగా చూడాలి. బల్బుల సంఖ్య కూడా చూడండి. 10 మీటర్లకి 100 బల్బులంటే 10 సెంటీమీటర్లకి ఒకటి. అదే పొడవుకి 50 ఉంటే 20 సెంటీమీటర్లకి ఒకటే. రెండూ పక్కపక్కన కడుతున్నాను, చూడండి. తేడా తెలుస్తోందా? రెండోది చుక్క చుక్కగా, ఎక్కడో తెగిపోయినట్టు ఉంది. ధర తక్కువని అది తెచ్చుకుంటే మళ్లీ ఇంకో సెట్ కొనాల్సి వస్తుంది.

ఇప్పుడు డబ్బా వెనక్కి తిప్పుదాం. ఇక్కడ చిన్న అక్షరాల్లో ఐపీ 44 అని ఉంది. దయచేసి ఈ ఒక్క విషయం మాత్రం వదిలేయకండి. మొదటి అంకె దుమ్ము, చిన్న చిన్న వస్తువులు లోపలికి పోకుండా ఎంత ఆపుతుందో చెబుతుంది. రెండోది నీటి సంగతి. 4 అంటే ఏ వైపు నుంచి నీళ్లు చిందినా తట్టుకుంటుంది. 65 అయితే దుమ్ము అసలు దూరదు, పైపుతో నీళ్లు కొట్టినా ఫర్వాలేదు. 20 అని ఉంటే మాత్రం నీటి నుంచి ఏ రక్షణా లేనట్టే, దాని చోటు ఇంట్లోనే. పోయినేడాది నేను ఇది చూసుకోలేదు. చవగ్గా దొరికాయని ఇంట్లో వాడే లైట్లు తెచ్చి గేటుకి చుట్టాను. క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు చిన్న జల్లు పడింది, మెయిన్ ట్రిప్ అయింది. వైరు విప్పి చూస్తే బల్బు మొదట్లో నీటి చుక్క నిలిచి ఉంది. పిల్లలు ఆ గేటు పట్టుకునే ఆడుకుంటారు. ఆ రోజు నాకు కలిగిన భయం ఇంకెవరికీ వద్దు.

డబ్బాలో ఇంకోటి చూడాలి. లైట్లు ఐపీ 44 అయినా అడాప్టర్ కూడా అలాంటిదే కావాలనేం లేదు. మాది ఇంట్లో పెట్టాల్సిన అడాప్టరే. దాన్ని లోపలి సాకెట్‌కి పెట్టి, సన్నటి వైరు మాత్రం బయటికి తెచ్చాను. ఆ వైరు కిటికీ రెక్క కింద నలగకూడదు. ఇదిగో, దగ్గరగా చూపిస్తున్నాను: వైరు గోడలోకి వెళ్లే చోట కొంచెం కిందికి వేలాడదీశాను, ఊయల తాడులా. వాన నీళ్లు వైరు వెంబడి జారుతూ వచ్చి ఈ వంపు దగ్గరే కింద పడిపోతాయి, లోపలికి రావు. దీనికి పైసా ఖర్చు లేదు. మేకులు, స్టేపుల్ పిన్నులు మాత్రం వైరు మీద కొట్టకండి. ఒక్కటి లోపలికి గుచ్చుకుంటే ఆ సెట్ ప్రమాదమే. ప్లాస్టిక్ టైలు, అతికించే హుక్కులు వాడండి.

కరెంటు బిల్లు గురించి టెన్షన్ పడేవాళ్ల కోసం చిన్న లెక్క. ఈ 100 బల్బుల ఎల్ఈడీ సెట్ 6 వాట్లు తీసుకుంటుంది. రోజుకి 6 గంటల చొప్పున 30 రోజులు వెలిగిస్తే 1.08 యూనిట్లు. నెలంతా కలిపి ఒక్క యూనిట్ కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇంట్లో పాత ఫిలమెంట్ బల్బుల సెట్ ఉండి అది 40 వాట్లదైతే అదే నెలకి 7.2 యూనిట్లు అవుతుంది, బల్బులు వేడి కూడా ఎక్కుతాయి. ఎండిన ఆకులు, కాగితాలు ఉన్నచోట ఆ పాతవి పెట్టకండి.

సోలార్ లైట్ల మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. వైరు అక్కర్లేదు, బిల్లు రాదు. ఎండ బాగా కాసిన రోజు రాత్రి చక్కగా వెలిగాయి. మబ్బు పట్టిన రోజు మాత్రం రెండు గంటలకే మసకబారాయి. మొదటి మూడు రోజులైతే అసలు వెలగనేలేదు. పాడైపోయాయేమో అనుకున్నాను. తీరా చూస్తే, ప్యానెల్ పెట్టిన చోట వీధి దీపం వెలుగు పడుతోంది. చీకటి పడిందో లేదో కనిపెట్టేది కూడా ఆ ప్యానెలే. దీపం వెలుగు పడుతుంటే దానికి ఇంకా పగలే. రెండు అడుగులు పక్కకి జరిపాను, సాయంత్రానికి వెలిగాయి. ప్యానెల్ మీద దుమ్ము తుడుస్తూ ఉండాలి. బాగా ఎండ పడే మొక్కల కుండీకో పిట్టగోడకో అయితే కొనుక్కోవచ్చు. గుమ్మానికి మాత్రం నేను సిఫార్సు చేయను, పండగ రాత్రి అవి వెలుగుతాయో లేదో ముందే చెప్పలేం కాబట్టి.

రాగి తీగ లైట్లు నాకు బాగా నచ్చాయి. కాకపోతే వీటిని గోడలకి కాకుండా చిన్న వస్తువులకే వాడాలి. ఖాళీ గాజు సీసాలో వేసి మెట్టు మీద పెట్టాను, చూడండి ఎంత అందంగా ఉందో. బ్యాటరీ పెట్టె వాటర్‌ప్రూఫ్ కాదు, అందుకే దాన్ని సీసా లోపలే ఉంచి మూత బిగించాను. రోజూ గంటల తరబడి వెలిగిస్తే బ్యాటరీల ఖర్చే లైట్ల ఖర్చుని దాటిపోతుంది. రీచార్జి బ్యాటరీలు వాడండి, లేదా పండగ మూడు రోజులు మాత్రమే వెలిగించండి.

ప్రొజెక్టర్ వద్దు. దాని డబ్బుతో మంచి లైట్లు కొనుక్కోండి. మా గోడ లేత రంగుదే, అయినా వీధి దీపం వెలుతురులో చుక్కలు వెలిసిపోయినట్టు కనిపించాయి. పైగా ఇది లేజర్‌ది, ఎవరి కళ్లలోనూ పడకుండా, ఆకాశం వైపు తిరగకుండా చూసుకోవాలి.

ఇక ఆకుల దండ. కొన్నది ప్లాస్టిక్ ఆకులది, దూరం నుంచి బాగానే ఉంది, దగ్గరికి వెళ్తే ఆకుల మధ్య తీగ కనిపిస్తోంది. ఇది పక్కన పెట్టి, నేను చేత్తో చేసినది చూడండి. బట్టలు తగిలించే ఇనుప హ్యాంగర్‌ని గుండ్రంగా వంచాను. చెట్టు కొమ్మలు కత్తిరించినప్పుడు మిగిలిన ఆకుల రెమ్మల్ని నాలుగైదు చొప్పున చిన్న కట్టలుగా కట్టి, ఒక కట్ట కాడల్ని తర్వాతి కట్ట ఆకులు కప్పేలా వరసగా పురికొసతో బిగించాను. అన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉండాలి, అదే దీని అందం. కింద ఎర్ర గుడ్డతో ఒక పెద్ద ముడి. గంట పని. గాలి తగిలే చోట నాలుగైదు రోజులకి ఆకు వాడుతుంది, అందుకని పండగకి రెండు రోజుల ముందు చేసుకోండి. మా అమ్మాయి కట్టలు అందిస్తుంటే నేను కట్టాను. కొన్నదాని కంటే ఇదే నాకు ఎక్కువ.

రంగుల విషయంలో, ఒకటి రెండు చాలు. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ మొదటిసారి క్రిస్మస్ చెట్టుకి కరెంటు బల్బులు పెట్టినప్పుడు అవి 80, రంగులు మూడే: ఎరుపు, తెలుపు, నీలం. నేను పసుపు కలిసిన తెలుపు ఒక్కటే వాడాను. డబ్బా మీద వెలుగు రంగుని చెప్పే కొలత 2700 నుంచి 3000 కెల్విన్ అని ఉంటే అది దీపం వెలుగులా ఉంటుంది. 6000 దాటితే నీలం కలిసిన తెలుపు, ఎర్ర గుడ్డ దాని కింద పాలిపోయినట్టు కనిపిస్తుంది.

చివరిగా, పండగ అయ్యాక తీసేటప్పుడు వైర్లని ముద్దగా చుట్టి సంచిలో కుక్కకండి. అట్టముక్కకి రెండు వైపులా చిన్న గాట్లు పెట్టి, ప్లగ్గు చివర బయటికి ఉండేలా చుట్టండి. నేను దాని మీదే స్కెచ్ పెన్నుతో ‘గుమ్మం, 10 మీటర్లు, ఐపీ 44’ అని రాసిపెట్టుకున్నాను. ఇంకో సెట్ కావాలనుకుంటే పండగ వెళ్లిన వారంలో వెతకండి, మిగిలిపోయిన సరుకు ధర తగ్గిస్తుంటారు. ఇప్పుడు చీకటి పడింది, లోపల స్విచ్ వేయమంటాను, గుమ్మం మీరే చూడండి.