ఇంగ్లీషు పీహెచ్‌డీకి అప్లై చేశాక అవతల ఏం జరుగుతుంది?

(తెర మీద: ధవళేశ్వరం ఆనకట్ట, తర్వాత శీర్షిక)

నమస్కారం. భీమవరం, అమలాపురం, కాకినాడ, రాజమండ్రి చుట్టుపక్కల ఎం.ఏ. ఇంగ్లీషు చదివి, పీహెచ్‌డీకి అప్లై చేసినవాళ్ల కోసం, చేద్దామనుకుంటున్నవాళ్ల కోసం ఈ వీడియో. ఇంజినీరింగ్ పిల్లలకు ఎమ్మెస్ దారి చెప్పే కన్సల్టెన్సీలు మన టౌన్లలో కావలసినన్ని ఉన్నాయి. ఇంగ్లీషు లిటరేచర్‌లో పీహెచ్‌డీ అనేసరికి చెప్పేవాళ్లు దొరకరు. అందుకే అప్లికేషన్ పంపాక వచ్చే మౌనాన్ని మనవాళ్లు తమ తెలివితేటల మీద తీర్పు అనుకుని కుంగిపోతారు. ఆ మౌనం వెనక చాలావరకు సీట్ల లెక్కే ఉంటుంది. ఆ లెక్క ఎలా నడుస్తుందో చెబుతాను.

(తెర మీద: డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా క్యాలెండర్)

ముందు అమెరికా సంగతి. సార్వా ధాన్యం మిల్లుకు వెళ్లే రోజుల్లో, అంటే డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి మొదటి వారం లోపు, ఎక్కువ యూనివర్సిటీల గడువు ముగుస్తుంది. నిర్ణయాలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. దాళ్వా కోతలు నడిచే ఏప్రిల్‌లో 15వ తేదీ ముఖ్యం. ఫండింగ్‌తో సీటు వస్తే ఆ రోజు లోపు ఔననో కాదనో చెప్పాలి. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే యూనివర్సిటీల సంఘం ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలు అంతకంటే ముందే తేల్చమని మిమ్మల్ని తొందరపెట్టకూడదు.

పంపాల్సినవి చూద్దాం. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఏం పరిశోధన చేద్దామనుకుంటున్నారో, ఎందుకో మీరు రాసే వ్యాసం; 15 నుంచి 25 పేజీల రైటింగ్ శాంపిల్, అంటే మీరు రాసిన ఒక సాహిత్య పరిశోధన వ్యాసం; మూడు సిఫార్సు లేఖలు, ట్రాన్‌స్క్రిప్టులు అనే మార్కుల పత్రాలు, టోఫెల్ లేదా ఐఇఎల్‌టిఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష స్కోరు. జీఆర్‌ఈ అనే ప్రవేశ పరీక్షను చాలా ఇంగ్లీషు డిపార్టుమెంట్లు వదిలేశాయి. అందులోని లిటరేచర్ సబ్జెక్ట్ టెస్టునైతే, ఆ పరీక్ష నడిపే ఈటీఎస్ సంస్థ 2021లో ఆపేసింది. కాబట్టి పాత గైడ్లు కొని డబ్బు పోగొట్టుకోకండి. ఒక్కో అప్లికేషన్‌కు ఫీజు వంద డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది. పది చోట్లకు పెడితే ఒక కుటుంబానికి అది పంట డబ్బే. ఫీజు మినహాయింపు ఇస్తారేమో డిపార్టుమెంటుకు మెయిల్ పెట్టి అడగండి. అడిగినందుకు ఎవరూ మార్కులు తగ్గించరు.

వీటన్నిటిలో అసలు బరువంతా రైటింగ్ శాంపిల్ మీదే ఉంటుంది. ఇక్కడ కాస్త ఆగుదాం.

(తెర మీద: గౌతమీ గ్రంథాలయం)

'భారతీయ ఇంగ్లీషు నవలల్లో స్త్రీ' అని టాపిక్ పెడితే చదివేవాళ్లకు మీరెవరో తెలియదు. అదే అంశాన్ని వందల మంది పంపుతారు. మన దగ్గరున్నదే చూడండి. కందుకూరి వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము' 1878లో పత్రికలో ధారావాహికగా వచ్చింది. దానికి ప్రేరణ ఒక పాస్టర్ కుటుంబం కథ చెప్పే గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. వీరేశలింగం గారు ఆ చట్రాన్ని తీసుకుని కథను ధవళేశ్వరంలో మొదలుపెట్టారు. కొన్నేళ్లకే ఆ తెలుగు నవల మళ్లీ ఇంగ్లీషులోకి అనువాదమై అచ్చయింది. ఒక ఇంగ్లీషు కథ గోదావరి ఒడ్డుకు వచ్చి, వేరే మనిషై తిరిగి ఇంగ్లీషులోకి వెళ్లింది. ఆ రాకపోకల్లో ఏం మారింది? పాస్టర్ కుటుంబం బ్రాహ్మణ కుటుంబం అయినప్పుడు కష్టసుఖాల అర్థం ఎలా మారింది? ఒకే ఒక్క అధ్యాయాన్ని మూడు పాఠాల్లోనూ పక్కపక్కన పెట్టి 20 పేజీలు రాస్తే, అలాంటి పని చేయగలిగినవాళ్లు ఆ అప్లికేషన్ల గుట్టలో ఇంకెంతమంది ఉంటారు? రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో కూర్చుని పాత పత్రికలు తిరగేసే వీలు మీకుంది. లండన్‌లో కూర్చున్నవాళ్లకు లేదు.

మనవాళ్లు తెలుగు మీడియంలో చదివిన సంగతిని దాచిపెట్టడం చూస్తే నాకు బాధేస్తుంది. చాలా డిపార్టుమెంట్లు పీహెచ్‌డీ విద్యార్థికి ఇంగ్లీషు కాకుండా ఇంకో భాష చదవడం రావాలని నిబంధన పెడతాయి. మీకది పుట్టుకతోనే వచ్చింది. స్టేట్‌మెంట్‌లో ధైర్యంగా రాయండి.

తర్వాత సిఫార్సు లేఖలు. 'నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను' అనే మాట మన కాలేజీల్లో మామూలే. పనుల ఒత్తిడిలో అంటారు తప్ప చెడ్డ ఉద్దేశం ఉండదు. కానీ ముగ్గురి లేఖలూ ఒకే చేతిరాతలా ఉంటే చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. అక్టోబరులోనే వెళ్లి, 'సార్, నేను మీ క్లాసులో రాసిన పేపరు ఇదిగోండి, నా స్టేట్‌మెంట్ ఇది, గడువు తేదీలు ఈ కాగితం మీద ఉన్నాయి' అని చేతికివ్వండి. ఆ పేపరు గురించి ఆయన నాలుగు వాక్యాలు సొంతంగా రాస్తే చాలు. అప్లికేషన్ పేజీలో ఒక్కో లేఖ ఎదురుగా వచ్చిందో లేదో కనబడుతుంది. గడువు దగ్గరపడుతున్నా రెండిటికి 'రిసీవ్డ్' అని ఉండి మూడోది ఖాళీగా ఉంటే మొహమాటపడకండి, ఫోన్ చేయండి. లేఖ అప్‌లోడ్ చేయమని యూనివర్సిటీ ఆయనకు మెయిల్లో పంపే లింకు చాలాసార్లు స్పామ్‌లో పడి ఉంటుంది.

(తెర మీద: బల్ల చుట్టూ కుర్చీలు, బల్ల మీద కాగితాల కట్టలు)

ఇప్పుడు అవతలివైపు. కొద్దిమంది ప్రొఫెసర్ల కమిటీ మొత్తం అప్లికేషన్లు చదువుతుంది. ముందు వడపోత, తర్వాత మీ అంశానికి దగ్గరగా పనిచేసేవాళ్ల అభిప్రాయం. ఆపైన మీ చేతిలో లేని లెక్కలు మొదలవుతాయి. ఈ ఏడాది ఎంతమందికి స్టైపెండ్ ఇవ్వగలం? పోయినేడాది ఒకే రంగంలో ఎక్కువమందిని తీసుకున్నామా? మీకు గైడ్ కాగలిగిన మనిషి రిటైరవుతున్నారా? అమెరికాలో ఇంగ్లీషు పీహెచ్‌డీకి ట్యూషన్ ఫీజు లేకుండా ఐదారేళ్ల పాటు ఖర్చు యూనివర్సిటీయే పెట్టుకోవడం పరిపాటి. అందుకే సీట్లు చాలా కొద్ది. కోవిడ్ సమయంలోనైతే చాలా డిపార్టుమెంట్లు ఒక ఏడాదికి అడ్మిషన్లే ఆపేశాయి. ఆ ఏడాది రానివాళ్లు తెలివి తక్కువై రాలేదా?

మెయిల్ ఎప్పుడొస్తుందో కూడా తెలుసుకోండి. ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు రాత్రి 7:30. కాలిఫోర్నియాలో అయితే రాత్రి 10:30. అంటే వాళ్ల ఆఫీసు నడిచేదంతా మనకు రాత్రి. పగలంతా ఫోను చూస్తూ కూర్చోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. మెయిల్లో నిర్ణయం నేరుగా ఉండకపోవచ్చు, 'మీ అప్లికేషన్‌లో మార్పు వచ్చింది, లాగినై చూడండి' అని మాత్రమే ఉండవచ్చు. ఆఫర్లు ముందు, తిరస్కారాలు చివర్లో రావడం ఎక్కువ. అదే ప్రోగ్రామ్‌లో ఇంకొకరికి సీటు వచ్చి మీకు ఏ కబురూ లేకపోతే, వెయిట్‌లిస్టు కావచ్చు, రాకపోవడమూ కావచ్చు. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువసార్లు జరుగుతుంది. మార్చి చివరిదాకా ఏమీ తెలియకపోతే మర్యాదగా ఒక్క మెయిల్ పెట్టి అడగడంలో తప్పు లేదు.

(తెర మీద: నెట్ స్కోరుకార్డు నమూనా)

మన దేశంలో పద్ధతి వేరు. 2024 జూన్ నుంచి యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష స్కోరుతోనే పీహెచ్‌డీలో చేరవచ్చు. అందులో జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే ఇంటర్వ్యూ ఒక్కటే. మిగతా రెండు కేటగిరీల్లో, అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగంతో పాటు పీహెచ్‌డీకీ లేదా పీహెచ్‌డీకి మాత్రమే అర్హత వచ్చినవాళ్లకు, నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు ఒక ఏడాదే చెల్లుతుంది. జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. మన రాష్ట్ర యూనివర్సిటీలకు ఏపీఆర్‌సెట్ అనే పరిశోధన ప్రవేశ పరీక్ష నోటిఫికేషన్ చూసుకోండి. ఇక్కడ మెయిల్ కోసం ఎదురుచూస్తే మోసపోతాం. ఇంటర్వ్యూ జాబితా వెబ్‌సైట్లో పీడీఎఫ్‌గా పెడతారు, అందులో మన నంబరు మనమే వెతుక్కోవాలి.

ఇక్కడ సీట్లు ఎందుకు తక్కువంటే, ఒక ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4గురికి మించి గైడ్ చేయకూడదు. పాతవాళ్లు థీసిస్ ఇచ్చి వెళ్తేనే కొత్త ఖాళీ. అప్లై చేసేముందు ఆ డిపార్టుమెంటులో ఎవరి దగ్గర ఖాళీ ఉందో చూసుకోండి.

ఇంట్లోవాళ్ల గురించి కూడా చెప్పాలి, ముఖ్యంగా అమ్మాయిల కోసం. ఫలితాల నెలలూ మాఘం, ఫాల్గుణం ముహూర్తాలూ ఒకేసారి వస్తాయి. 'అదేదో వచ్చేది లేదు, ఈలోగా సంబంధం చూద్దాం' అంటారు. తేదీ లేని మాటకు బలం ఉండదు. 'నాన్నా, ఏప్రిల్ 15కి తేలిపోతుంది, అప్పటిదాకా ఆగండి' అని డిసెంబరులోనే చెప్పి పెట్టండి. మన దేశంలో చేరినా, యూజీసీ నిబంధనల ప్రకారం ఆరేళ్ల గరిష్ఠ గడువుపై మహిళలకు అదనంగా రెండేళ్లు, పిల్లలు పుడితే 240 రోజుల దాకా సెలవు ఉన్నాయి. పెళ్లయితే చదువు ఆగిపోతుందనే భయం ఉన్నవాళ్లకు ఆ నిబంధన చూపించండి.

చివరిగా, రెండు చోట్ల ఆఫర్ వచ్చినవాళ్లకు ఒక విన్నపం. వెళ్లేది ఎక్కడికో తేలగానే రెండోవాళ్లకు అదే రోజు మెయిల్ పెట్టి వదులుకోండి. ఏప్రిల్ 15 దాకా పట్టుకుని కూర్చోవద్దు. వెయిట్‌లిస్టు కదిలేది అలా ఖాళీ అయిన సీట్లతోనే, ఆ జాబితాలో పాలకొల్లులోనో రాజోలులోనో మీలాగే చదివిన ఇంకొకరు ఉండవచ్చు.