ఇరకం వెళ్లేముందు ఒక మాట

నమస్కారం. వెనకాల ఉన్నవాళ్లు కాస్త ముందుకు వచ్చి కూర్చోండి, నా గొంతు అంత దూరం రాదు.

రేపు మీరంతా పులికాట్ సరస్సుకు వెళ్తున్నారు. పక్షుల గురించి మాట్లాడమని మీ మేడమ్ నన్ను అడిగారు గానీ, పక్షుల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు రేపు మీ పక్కనే ఉంటారు. నేను చెప్పాలనుకున్నది ఇరకం గురించి. సరస్సు మధ్యలో ఉన్న ఊరది. తడ మండలం, ఇదివరకు నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. అక్కడి బడిలో నేను ఆరేళ్లు పనిచేశాను. ఇప్పటికీ రేవులో దిగితే "అయ్యోరు వచ్చాడు" అంటారు, ఆ పిలుపు వింటే నాకు కడుపు నిండుతుంది.

మీరు సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ చూసే ఉంటారు. 2001లో మొదలైంది, మధ్యలో కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగింది. ఆ మూడు రోజులూ బస్సులు, కార్లు, కెమెరాలు, స్టాళ్లు. నేలపట్టులో గూడబాతుల, అంటే పెలికాన్‌ల, గూళ్లు చూస్తారు, భీములవారిపాళెంలో పడవెక్కి కాసేపు నీళ్ల మీద తిరిగి వస్తారు. ఆ పడవలో నుంచి దూరంగా కొబ్బరిచెట్లతో ఒక పచ్చటి గీత కనిపిస్తుంది. ఫొటోలో పక్షుల వెనకాల అందంగా పడుతుంది. ఆ గీతే ఇరకం. అక్కడ ఇళ్లున్నాయి, గుడి ఉంది, బడి ఉంది, తమిళం కలిసిన తెలుగు మాట్లాడే మనుషులున్నారు. వాళ్లకు భీములవారిపాళెం రేవు షికారుకు వచ్చే చోటు కాదు, మందుబిళ్ల నుంచి రేషన్ బియ్యం దాకా అన్నీ ఆ రేవు దాటే రావాలి. ఎన్నికలప్పుడు ఓటింగ్ యంత్రాలు కూడా పడవలోనే వెళ్తాయి.

ఒకరోజు సంగతి చెప్తాను, మే నెల. సెలవులే అయినా ఏదో రికార్డుల పని ఉండి వెళ్తున్నాను. పడవలో పది పన్నెండు మందిమి, మధ్యలో ఒక బాలింత, ఒళ్లో ఎనిమిది రోజుల బిడ్డ, ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకెళ్తున్నారు. సగం దూరం వెళ్లామో లేదో పడవ అడుగు నేలకు తగిలింది. పడవాయన ఇంజను ఆపేసి గెడ తీసుకుని నెట్టాడు, కదల్లేదు. ఇంకేం, అందరం చెప్పులు చేత పట్టుకుని దిగాం. నీళ్లు మోకాలి దాకా కూడా లేవు, కింద బురద మాత్రం పిక్కల దాకా లాగేస్తోంది, అందులో గుల్లలు అరికాళ్లను కోస్తున్నాయి. ఉప్పునీళ్లు కదా, కోసుకున్నచోట మంట. ఆమెను మాత్రం దిగొద్దన్నాం. ఆమె బిడ్డ మీద తువ్వాలు కప్పి, ఎండ ఎటు తిరిగితే అటు తన వీపు తిప్పుకుంటూ కూర్చుంది. అలా నెట్టుకుంటూ ఎంతసేపు నడిచామో నేను లెక్క చూసుకోలేదు, బిడ్డ రెండుసార్లు లేచి ఏడ్చి మళ్లీ పడుకుంది, అది గుర్తుంది.

అప్పుడు మాకు కొంచెం దూరంలో, చలికాలం అయిపోయినా ఇంకా వెళ్లని ఫ్లెమింగోలు కొన్ని నిలబడి మేస్తున్నాయి. తల కిందులుగా పెట్టి, ముక్కుతో బురదనీళ్లు వడగట్టుకుంటూ. దాని ముక్కు తయారైందే అలా మేయడానికి, అందుకే దానికి లోతులేని నీళ్లు కావాలి. అంటే మీకు బైనాక్యులర్స్‌లో పక్షి బాగా కనిపించే చోటు, పడవ తగిలి ఆగిపోయే చోటు, చాలాసార్లు ఒకటే. అది అర్థం కావడానికి నాకు ఆ మే నెల పట్టింది.

అలాగని నీళ్లు తగ్గితే పక్షులకు మంచిదని అనుకోకండి. తగ్గుతూ తగ్గుతూ నేల ఎండిపోతే పక్షికీ మేత లేదు, వలకూ చేప లేదు. పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు, నిండుగా ఉన్నప్పుడు 450 చదరపు కిలోమీటర్ల దాకా ఉండే సరస్సు ఎండాకాలానికి బాగా తగ్గిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి. సముద్రం ముఖద్వారాల గుండా ఉప్పునీళ్లు పంపిస్తుంది. రొయ్య పిల్లలు, చేప పిల్లలు ఆ ద్వారాల్లోంచే లోపలికి వస్తాయి. ఇసుక మేటలు వేసి ఆ ద్వారాలు పూడిపోతే మొత్తం లెక్క తప్పుతుంది. అలాంటి ముఖద్వారమే రాయదొరువు, అక్కడ పూడిక తీయండని జాలర్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటూ వచ్చింది అందుకే. పూడిక గురించి వార్త వస్తే మనం పేపరు తిప్పేస్తాం, ఫ్లెమింగోలు తగ్గాయని వస్తే ఆగి చదువుతాం. రెండూ ఒకే వార్త.

ఇక వంతెన సంగతి. ఇరకం వాళ్లు వంతెన అడుగుతుంటారు. పక్షి ప్రేమికుల్లో కొంతమంది వెంటనే వద్దంటారు, అది 1976 నుంచి అభయారణ్యం కదా అని. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే వద్దనే ఆ మనిషి నాలుగు చక్రాల మీద రోడ్డున వచ్చి చూసిపోతాడు. కానీ వాళ్ల భయంలో నిజం లేదని కూడా నేను అనను. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు చూడండి. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రాకెట్ ఎగిరింది, ఆ రాకెట్ కేంద్రం మనకు గర్వకారణం, దానికి రోడ్డు లేకుండా కుదరదు. అయితే ఆ రోడ్డును సరస్సు మధ్యలో మట్టికట్ట పోసి వేశారు. కింద తూములున్నా, నీళ్లు ఇదివరకటిలా అటూ ఇటూ తిరగలేకపోయాయి. వేసవిలో రోడ్డుకు ఉత్తరాన చూస్తే బీటలు పడి తెల్లగా ఎండిన నేల కనిపిస్తుంది. ఎప్పుడైనా ఆ రోడ్డున బస్సులో వెళ్తే రెండు వైపుల కిటికీల్లోంచీ చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

కాబట్టి నా మాట ఇది: ఇరకానికి దారి కావాలి, అది కట్ట కాకూడదు. స్తంభాల మీద, కింద నీళ్లూ పడవలూ చేపలూ వెళ్లేలా కట్టాలి. ఖర్చు ఎక్కువవుతుంది, అవనీయండి. అది అయ్యేలోపు రోజుకు ఇన్ని ట్రిప్పులని టైముకు తిరిగే మంచి పడవ, రాత్రిపూట రోగిని దాటించడానికి ఇంకో పడవ ఉండాలి. షికారు పడవలకు లైఫ్ జాకెట్లు దొరుకుతున్నప్పుడు బడిపిల్లల పడవలో కూడా ఉండాలి కదా. నేనున్నప్పుడు లేవు. అడిగాను, రాసిచ్చాను, నేను బదిలీ అయి వచ్చేదాకా రాలేదు.

అక్కడ ఇల్లు కట్టుకోవడం ఎంత పనో చెప్తే ఆశ్చర్యపోతారు. మా బడి పక్కన ఒకాయన రెండు గదులు కట్టుకున్నాడు. ఇటుకలు లారీ నుంచి రేవులో దించాలి, రేవు నుంచి పడవలోకి, పడవ నుంచి ఒడ్డుకు, ఒడ్డు నుంచి ఇంటి దగ్గరకు. ఒక్కో ఇటుకనూ నాలుగు చేతులు మార్చాలి. సిమెంటు బస్తా తడిస్తే ఆ రోజు కూలీ పోయినట్టే. ఆయన భార్య ఇటుకలు అందిస్తూ మధ్యమధ్యలో పగిలినవి ఏరి పక్కన పెట్టేది, వాటిని కూడా పారేయలేదు, వాటితోనే వాకిట్లో తులసికోట కట్టారు.

రేపు మీరు వాళ్ల ఇంటి మీదుగానే నడుస్తారు. అన్నం అక్కడే తినండి, నేను ముందే చెప్పి ఉంచాను, రొయ్యల ఇగురు, పీతల పులుసు వండి పెడతారు, ధర వాళ్లు ఎంత చెప్తే అంత ఇవ్వండి, బేరం ఆడొద్దు. తాగే నీళ్లు మాత్రం మీవి మీరు తెచ్చుకోండి. అక్కడ ఇసుక కింద ఊరే వాననీళ్లు తక్కువ, అడుగున ఉప్పునీళ్లే, మీ యాభై మందికీ వాళ్ల బిందెలు ఖాళీ చేయొద్దు. ఖాళీ సీసాలు తిరిగి మీ బ్యాగులోనే రావాలి. పక్షులు ఎగిరితే వీడియో బాగుంటుందని అరవడం, చప్పట్లు కొట్టడం చేయకండి, మేత మీద నుంచి లేపిన పక్షి మళ్లీ సర్దుకుని మేయడానికి చాలాసేపు పడుతుంది.

ఏడింటికల్లా భీములవారిపాళెం రేవులో ఉండండి. పొద్దెక్కితే గాలి లేస్తుంది. చెప్పులు చేత పట్టుకోవాల్సి రావచ్చు, షూలు వద్దు.